అయిదో జోన్‌లో ఎవరూ పోలేదు

మోవా, రాయ్‌పూర్
14 జూన్ 2004

సుశీలక్కకి నీ తమ్ముడు దానియేలు వందనాలు.

ఇక్కడ అందరం క్షేమం. లెక్కల ప్రకారమైతే మరీ క్షేమం.

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, నీ హక్కు. కానీ నేను యుద్ధంలో ఉన్నానక్కా. నవ్వకు, మా ఆఫీసులో నిజంగానే యుద్ధం జరుగుతోంది. కొత్త రాష్ట్రం కదా, ఏదో ఒకదాంట్లో దేశానికి ముందుండాలని పైవాళ్ళకి కోరిక పుట్టింది. ఏడాది లోపు పిల్లలు చనిపోకూడదు, ఆ పని యుద్ధప్రాతిపదికన జరగాలి అని కాగితం వచ్చింది. కాగితంలో మిగతా మాటలేవీ మా సందీప్ సాబ్‌కి కనపడలేదు, యుద్ధం ఒక్కటే కనపడింది. టీకాల మందులుంచే గది ఖాళీ చేయించి గోడకి మా అయిదో జోన్ మ్యాపు కొట్టించాడు. ఈ ఎండల్లో కోటు వేసుకుని తిరుగుతున్నాడు. బంట్రోతుని జవాన్ అని పిలుస్తున్నాడు. మందులు మాత్రం వరండాలో ఉన్నాయి.

నా పని నీకు తెలుసుగా. జోన్‌లో ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, దేనివల్ల పోయారు అని రాసే ఆంకడా బాబుని. ఈ యుద్ధం మొదట్లో ఒక సోమవారం సాబ్ ఆ కారణాలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. ఒక నర్సు 'పొగ వల్ల దగ్గు' అని రాసింది. ఏం పొగ, మన దగ్గర పొగ ఎక్కడుంది అన్నాడు. కిటికీలోంచి చూస్తే సిల్తారా ఫ్యాక్టరీల వైపు ఆకాశం మసిగుడ్డలా ఉంది. కిటికీ మూయించాడు. ఇంకోచోట 'తిండి చాలక' అని ఉంది. రాష్ట్రంలో తిండి చాలనివాళ్ళు లేరని పైవాళ్ళు చెప్పాక ఈవిడెవరు రాయడానికి అని అదీ కొట్టేశాడు. చివరికి 'దైవేచ్ఛ' ఒక్కటే మిగిలింది. దానికి మాత్రం నేనొప్పుకోలేదు. నేను క్రైస్తవుణ్ణి సార్, దేవుడి మీద ఇన్ని కేసులు పెట్టలేను అన్నాను.

ఏమైతేనేం, మూడు నెలలుగా మా జోన్‌లో శిశు మరణాలు సున్నా. పక్క జోన్ వాళ్ళు ఏడుస్తున్నారు. సాబ్ నన్ను అందరిముందూ సేనాపతి అన్నాడు. ఆగస్టు పదిహేనున షీల్డు ఇస్తారట. ఎలా సాధించామన్నది ఆఫీసు సంగతి, ఉత్తరాల్లో రాసేది కాదు.

నీ కూతురు లిడియా బాగానే ఉంది. అల్లుడు ప్రవీణ్‌కి ఫ్యాక్టరీలో షిఫ్టులు మారుతున్నాయి. ఏడో నెల వచ్చింది, పురిటికి తీసుకెళ్ళడానికి నువ్వెప్పుడు వస్తున్నావో రాయి.

నీ సేనాపతి తమ్ముడు,
దానియేలు


నరసాపురం
24 జూన్ 2004

ఒరేయ్ దానియేలూ,

నిండు నూరేళ్ళూ చల్లగా ఉండు. నీ ఉత్తరం చదివి నా కడుపు నిండిందిరా. లెక్కల్లో గుడ్డు పెట్టుకొచ్చి అమ్మ చేత తన్నులు తిన్నవాడివి, ఇవాళ సున్నా తెచ్చుకుని షీల్డు పుచ్చుకుంటున్నావంటే అమ్మ ఉండి చూడాల్సింది.

ఇక్కడ లేసు పనికి ఊపిరాడటంలేదు. విదేశాలకి పోయే ఆర్డరు, పార్వతమ్మ పన్నెండు మంది ఆడాళ్ళని నా వరండాలో కూర్చోబెట్టింది. సూదులు ఆడినట్టే నోళ్ళూ ఆడుతున్నాయి. ఆ నోళ్ళలోంచే విన్నాను, ఈ వానలకి మా వీధిలో ఇద్దరు పసిగుడ్లు పోయారు. ఇక్కడి డాక్టరు సెలవు మీదుంటే వస్తాడు, డ్యూటీ ఉంటే రాడు.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. లిడియాని తీసుకురాను. తొలి పురుడు పుట్టింట్లో పొయ్యాలనేది మన పద్ధతే, నేను కాదనను. సంఘంలో ఆడాళ్ళు బుగ్గలు నొక్కుకుంటున్నారు, ఒక్కగానొక్క కూతురికి పురుడు పొయ్యలేదా అని. నొక్కుకోనీ. మూడు నెలలుగా ఒక్క బిడ్డ కూడా పోని ఊళ్ళో పిల్ల ఉంటే, దాన్ని రైల్లో కుదుపుకుంటూ తెచ్చి ఈ బురదలో పడెయ్యడానికి నాకేమన్నా పిచ్చా? మేనమామవి నువ్వున్నావు. మీ ఇంట్లో పురుడు పొయ్యండి.

నీ ఉత్తరం గురువారం ప్రార్థన కూడికలో చదివించాను. సున్నా అన్నచోట అందరూ స్తోత్రం అన్నారు. పాస్టరుగారు రెండోసారి చదవమన్నారు.

అక్క సుశీల


మోవా
3 జూలై 2004

అక్కకి వందనాలు.

నీ ఉత్తరం అందింది. అందినప్పటినుంచీ సరిగా నిద్రలేదు, ఉక్క అనుకుంటా.

ప్రార్థన కూడికలో చదివించకుండా ఉండాల్సింది. ఆఫీసు లెక్కలు వేరు, ఇంటి విషయాలు వేరు. తొలి పురుడు పుట్టింట్లో అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఇక్కడి నీళ్ళు ఉప్పగా ఉంటాయి. మాకున్నవి రెండు గదులు. మీ మరదలికి మోకాళ్ళ నొప్పులు, కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. ఆసుపత్రిలో నర్సులంతా హిందీవాళ్ళు, నొప్పులొచ్చినప్పుడు లిడియా అమ్మా అని అరిస్తే వాళ్ళకి అర్థం కాదు. పైగా దోమలు.

మా సున్నా మంచిదే. కాదనను. కానీ దాన్ని చూసి ఎవరూ తమ పద్ధతులు మార్చుకోనక్కర్లేదు. సున్నా అనేది చాలామంది కష్టం మీద నిలబడి ఉంటుంది. దాని మీద అంత బరువు పెట్టకూడదు.

నువ్వు రాలేకపోతే చెప్పు, నేనే దగ్గరుండి తీసుకొచ్చి దింపుతాను. సెలవు దొరుకుతుంది. షీల్డు పెట్టడానికి సాబ్ గాజు బీరువా చేయిస్తున్నాడు, వడ్రంగి వచ్చి కొలతలు తీస్తున్నాడు కాబట్టి ఆఫీసులో పని ఆగింది.

దానియేలు


నరసాపురం
13 జూలై 2004

దానియేలుగారికి,

గారు అన్నానని ఉలిక్కిపడకు. షీల్డులు తీసుకునేవాళ్ళని ఏమనాలో మాకేం తెలుసు.

నా కూతురు అంత బరువైపోయిందని తెలియక రాశాను, తప్పే. మీ ఆవిడకి మోకాళ్ళ నొప్పులంటావు. కనేది లిడియానా, మీ ఆవిడా? రెండు గదులంటావు. ఒక్క గదిలో నిన్నూ నన్నూ అమ్మ పెంచలేదా? నర్సులకి తెలుగు రాదంటావు. నొప్పుల్లో అమ్మా అని అరిస్తే అర్థంకాని ఆడది ఏ దేశంలో ఉంటుందిరా?

ఊరందరి బిడ్డల్నీ బతికిస్తున్నాడు నా తమ్ముడు అని నేనిక్కడ తలెత్తుకు తిరుగుతుంటే, సొంత మేనకోడలి దగ్గరికి వచ్చేసరికి నీకు దోమలు కనపడ్డాయి. మూడు నెలలుగా దోమలు ఎవర్నీ చంపలేదుగా మీ జోన్‌లో? లేక అవి మా పిల్ల కోసమే కూర్చున్నాయా?

పోనీలే. లిడియా సిల్తారాలో తనింట్లోనే కంటుంది. అదీ నీ జోనే కదా. నీ చెయ్యి తగలకపోయినా నీ సున్నా దాన్ని కాపాడుతుంది.

ఇట్లు,
సుశీల


మోవా
26 జూలై 2004

అక్కా,

నీ ఉత్తరం మీ మరదలు నాకంటే ముందు చదివింది. నిన్న ఆటో మాట్లాడుకుని తనే సిల్తారా వెళ్ళి లిడియాని తీసుకొచ్చింది. మోకాళ్ళ గురించి మళ్ళీ ఎత్తితే ఊరుకోనంది. ముందుగది లిడియాకి ఇచ్చేశాం. నేను వరండాలో పడుకుంటున్నాను.

బరువని నేనెప్పుడూ అనుకోలేదక్కా. నువ్వు నన్ను చంకనేసుకుని పెంచినదానివి. నాకు భయమేసింది, అంతే. దేనికని అడక్కు.

షీల్డు ఆగస్టులో ఇవ్వరట. ఇచ్చే పెద్దమనిషికి తీరికలేదు, అక్టోబరు రెండుకి మార్చారు. అప్పటిదాకా సున్నా సున్నాగానే ఉండాలని సాబ్ పట్టుదల. గోడమీద మ్యాపుకి రోజూ పొద్దున్నే అగరుబత్తి వెలిగిస్తున్నాడు. మ్యాపుకి మరక పట్టింది, అదే చోట సిల్తారా ఉంది.

నువ్వు నిశ్చింతగా ఉండు. నేను చూసుకుంటాను.

నీ తమ్ముడు


నరసాపురం
2 సెప్టెంబరు 2004

నా బంగారు తమ్ముడికి,

ఫోన్లో నువ్వు పాప పుట్టిందని చెప్పి రిసీవరు దాని నోటిదగ్గర పెట్టావు చూడు, ఆ ఏడుపు నా చెవిలో ఇంకా ఉందిరా. కాకిపిల్లలా ఏం గొంతు అది. టెలిఫోన్ బూత్‌లో వెనకాల నిలబడ్డవాళ్ళందరికీ తలా ఒకసారి వినిపించాను. పార్వతమ్మ విని, ఇది అచ్చం మీ అమ్మ గొంతే సుశీలా, చింతపండు బేరమాడుతున్నట్టుంది అంది. అందరం నవ్వుకున్నాం.

అమ్మ పేరు పెట్టారని లిడియా చెప్పింది. ఎస్తేరు. ఆ పేరు మళ్ళీ మనింట్లో పిలుచుకుంటాం అనుకోలేదు.

నిన్ను అనరాని మాటలన్నాను. అక్కని, అనకుండా ఎవరుంటారు. అయినా నీకు బాధ కలిగితే క్షమించు. నా మరదలికి నా మాటగా చెప్పు, ఆవిడ కాళ్ళు మొక్కినా నా రుణం తీరదు.

లేసుతో టోపీ అల్లి పంపుతున్నాను. తలకి వదులుగా ఉంటుంది, ఏడాదిదాకా పనికి రావాలని కావాలనే వదులుగా అల్లాను. ఈ ఆర్డరు అయిపోగానే దసరా తర్వాత బయల్దేరి వస్తాను. నీ సున్నాని బాగా చూసుకో.

అక్క


మోవా
20 సెప్టెంబరు 2004

అక్కా,

టెలిగ్రాం అందే ఉంటుంది. నీ ఫోన్‌కి నేను రాలేదు, మీ మరదల్ని పంపాను.

జరిగింది రాస్తాను. ప్రవీణ్ ఒంటరిగా ఉన్నాడని లిడియా పాపని తీసుకుని నాలుగురోజులు సిల్తారా వెళ్ళింది. అక్కడ పొద్దున లేచేసరికి దుప్పట్ల మీద నల్లటి పొడి ఉంటుంది, చేత్తో దులుపుకుంటారు. పాపకి దగ్గు పట్టుకుంది. తర్వాత ఎగశ్వాస. ప్రవీణ్ మా జోన్ అంబులెన్సు బండిని పిలిచాడు. బండి వచ్చింది. దారిలో రెండు ఆసుపత్రులున్నాయి, ఆగలేదు. ఊరు ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్ళింది. టాటీబంధ్ చౌక్‌లో లారీల మధ్య ఇరుక్కుంది. పాప అక్కడే పోయింది, లిడియా ఒళ్ళో.

బండి ఎందుకాగలేదో నీకు చెప్పాలి. మా లెక్కలోకి వచ్చేది ఊపిరితో పుట్టి, ఏడాది లోపు మా జోన్‌లో పోయినవాళ్ళు మాత్రమే. టాటీబంధ్ దాటితే పక్క జోన్. ఒంట్లో బాగాలేని చంటిపిల్లల్ని మా బండి అటు తీసుకెళ్ళి ఆ ఆసుపత్రిలో చేరుస్తుంది. అక్కడ పోతే వాళ్ళ లెక్క. దాటకముందే పోతే చచ్చి పుట్టినట్టు రాస్తాం. చచ్చి పుట్టినవాళ్ళకి వేరే పుస్తకం ఉంది, దాని గురించి పైవాళ్ళు అడగరు. సున్నా అంటే ఇదే. ఉపాయం సాబ్‌ది కాదు. నాది.

నేను శ్మశానంలో ఉండగా ఆఫీసులో నా కింద పనిచేసే గుమాస్తా అమ్మిరాజు అలవాటుకొద్దీ మన పాపని కూడా ఆ పుస్తకంలో రాసేశాడు. వాడి తప్పేంలేదు, నేను నేర్పిన పనే.

ఇప్పుడు లిడియా సమాధి మీద పేరుతో రాయి పెట్టించాలంటోంది. మా సంఘం పెద్దలు మరణ పత్రం అడిగారు. చచ్చి పుట్టినవాళ్ళకి పేరుండదు, కాబట్టి రాయి ఉండదు. లిడియా ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు నిలబడి, మామయ్యా, నా బిడ్డ బతికింది, బతికినట్టు రాయి అంది. సాబ్‌ని అడిగాను. పాపం, ఆయనా కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుని, అక్టోబరు రెండు దాటనివ్వండి దానియేల్‌జీ, ఒక్క అంకె కోసం ఇంతమంది కష్టం పోతుంది అన్నాడు.

నువ్వు లిడియాకి ఒక మాట చెప్పక్కా. పదిరోజులు ఓపిక పట్టమను. నీ మాటైతే వింటుంది.

దానియేలు


నరసాపురం
27 సెప్టెంబరు 2004

దానియేలూ,

ఫోన్లో ఏడ్చింది ఎవర్రా?

చచ్చి పుట్టిన బిడ్డ ఏడుపు నేను విన్నానా? పార్వతమ్మ విందా? బూత్‌లో కూరగాయల సంచి పట్టుకుని నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషి విన్నాడా? మేమంతా సాక్ష్యం చెబుతాం. మీ ఆఫీసుకి ఎంతమంది కావాలో రాయి, లేసు పని ఆపి రైలెక్కించి తెస్తాను.

నీ సున్నాకి నేను స్తోత్రం చెప్పించాను. నీ సున్నాని నమ్మి కూతుర్ని పుట్టింటికి తెచ్చుకోలేదు. నువ్వు దోమలన్నావు, నీళ్ళన్నావు, మోకాళ్ళన్నావు. అక్కా ఆ లెక్క అబద్ధం అని ఒక్క ముక్క రాయడానికి నీకు చెయ్యి రాలేదు. రాసుంటే నేను పరిగెత్తుకొచ్చి పిల్లని తెచ్చుకునేదాన్ని. ఇప్పుడేమో దాన్ని ఓపిక పట్టమని నన్ను చెప్పమంటున్నావు. నేను చెప్పను.

నీకు కోపమొచ్చినా సరే రాస్తున్నాను. నువ్వు నా చేతుల్లో పెరిగావు, నీ మీద నాకింత అసహ్యం పుడుతుందని ఎప్పుడూ అనుకోలేదు. నా ఇల్లంతా ఏడుపుగా ఉంది, అందులో సగం నీ గురించే.

ఆ కాగితం మీద బిడ్డ పేరుండాలి. బతికిందని ఉండాలి. దేనివల్ల పోయిందో ఉండాలి. అది లేకుండా నాకు ఉత్తరం రాయకు.

సుశీల


మోవా
14 అక్టోబరు 2004

అక్కా,

కాగితం నకలు ఇందులో పెట్టాను. పేరు ఎస్తేరు. ఆడశిశువు, ఊపిరితో జననం. మరణ కారణం అన్నచోట న్యుమోనియా అని రాసి, దాని కింద పొగ అని కూడా రాశాను. సంతకం నాదే. నీ ఉత్తరం అందినరోజే చేశాను. తర్వాత జరిగినవన్నీ చూసి రాద్దామని ఇన్నాళ్ళు ఆగాను.

సాబ్ ఒకపూట అరిచాడు. రెండోపూట బతిమాలాడు. సైన్యంలో వెన్నుపోటు పొడిచినవాణ్ణి ఏం చేస్తారో తెలుసా అన్నాడు. తెలియదు సార్, మాది ఆరోగ్య శాఖ అన్నాను. షీల్డు ఏడో జోన్‌కి పోయింది. ఆ జోన్‌కి ఇంతవరకూ ఆంకడా బాబునే వెయ్యలేదు, కాబట్టి అక్కడ ఎవరూ చనిపోయినట్టు దాఖలా లేదు. ఇక్కడ గాజు బీరువాలో టీకాల మందులు పెట్టుకున్నాం.

అంతటితో అయిపోతుందనుకున్నాను. లిడియా రాయి పెట్టించింది. అది చూడ్డానికి సిల్తారాలో వాళ్ళ పక్కింటి సుక్వారో వచ్చింది. ఆమె కొడుకు నిరుడు వానాకాలంలో పోయాడు. ఏ కాగితం మీదా లేడు. మర్నాడు పొద్దున్నే మా ఆఫీసు కిటికీ దగ్గర నిలబడింది. ఏం కావాలమ్మా అన్నాను. 'మోర్ లఇకా హాసత్ రిహిస్' అంది. నా బిడ్డ నవ్వేవాడు అని. ఇంకేం అడగలేదు. నేను రాశాను.

తర్వాతిరోజు ఆమె వెంట ఇంకా కొందరొచ్చారు. ఇప్పుడు రోజూ వస్తున్నారు. కొందరు మొగుళ్ళకి చెప్పకుండా వస్తున్నారు. తమ బిడ్డ బతికే పుట్టిందని నన్ను నమ్మించాలని వాళ్ళ తాపత్రయం. ఒకామె, లారీ హారన్ వినపడితే ఉలిక్కిపడేదయ్యా అంది. ఇంకొకామె, పాలు తాగుతూ నా జుట్టు లాగేవాడు అని నెత్తి చూపించింది. ఇవి రాయడానికి గడి లేదు. నేను అంచున రాస్తున్నాను. అమ్మిరాజు చూసి, ఇదెక్కడి పద్ధతండీ అన్నాడు. తర్వాత వాడే ఇంకో పెన్ను తెచ్చుకుని నా పక్కన కూర్చున్నాడు.

నిన్న మెమో వచ్చింది. అయిదో జోన్‌లో శిశు మరణాలు హఠాత్తుగా ఇంత పెరగడానికి కారణమేమిటో మూడురోజుల్లో తెలపాలట. మేము రాయడం మొదలుపెట్టాము అని ఒక వాక్యం రాసి పంపించాను. నన్ను పశువుల శాఖకి బదిలీ చేస్తారని చెప్పుకుంటున్నారు. ఆర్డరు వచ్చేలోపు రాయగలిగినంత రాస్తాను.

నీ అసహ్యం పోగొట్టమని అడగటంలేదక్కా. అది నాకే పోలేదు.

లిడియాని నీ దగ్గరికి పంపుతానన్నాను, ఇప్పుడే రానంది. పొద్దున ప్రవీణ్ దింపి వెళ్తాడు. నా బల్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటుంది. తల్లులు నాతో చెప్పలేనివి దాని చెవిలో చెబుతారు, అది నాకు చెబుతుంది. ఇందాక ఒకామె వచ్చింది, చాలా చిన్నది, పద్దెనిమిదేళ్ళుంటాయేమో. అంతా చెప్పి, మా పాపకి పేరు పెట్టకముందే పోయింది బాబూ, పేరు లేకపోతే రాయరా అని అడిగింది. లిడియా లేచి తన స్టూలు ఆమెకిచ్చి, ఇప్పుడు పెడదాం, ఏం పేరు అనుకున్నావో చెప్పు అంది.

ఆ అమ్మాయి ఇంకా ఆలోచిస్తోంది. తొందరేం లేదని చెప్పి, పక్కన కూర్చుని నీకు ఇది రాస్తున్నాను.

దానియేలు